అటకమీఁది కంప్యూటరు



మన యిండ్లలో వ్యర్థమని పాఱవేయు వస్తువు లరుదు. చినిఁగిన చీర బొంత యగును. కొబ్బరిచిప్ప గరిటె యగును. పగిలిన జాడీ మూఁత మఱియొక జాడీకి గప్పుగా నుపయోగించును. వస్తువుయొక్క గుణ మెఱిఁగినవారికి పనికిరాని దనునది కానరాదు. కాని యిట్టి మనమే కంప్యూటరు విషయము వచ్చునప్పటికి, అది వెలుఁగుట మానినంతనే గుడ్డ గప్పి యటక యెక్కించి, పండుగకు ఇల్లు దులుపునప్పుడు ప్రాఁతసామానుల వానికిఁ దూకమునకు వేయుచున్నాము. అందేది చెడినదో, ఏది చెడలేదో విచారింపము. ఈ మాసమున నా విచారమే చేయఁదలఁచితిని.

దీనికిఁ గారణము మన గోష్ఠికి వచ్చిన యొక లేఖ. ఆ సోదరి వ్రాసినదాని సారాంశ మిది: పదవతరగతి చదువు కుమారుఁడు ఆటలాడుకొనుటకుఁ గ్రొత్త కంప్యూటరు కావలెనని పట్టుపట్టినాఁడు. దాని వెల భర్తగారి మూఁడునెలల జీతము. వాయిదాలపైఁ దెత్తమని వారందురు. ఇంట నొక ప్రాఁత కంప్యూటరు గలదు. దానిని విప్పి చూచెదనని యాఱవతరగతి చదువు కుమార్తె యనఁగా, ఆఁడపిల్లకు స్క్రూడ్రైవరుతోఁ బని యేమని అత్తగారు కోపించిరఁట. ‘నే నేమి చేయవలెను?’ అని యామె యడిగినది.

ఇందుఁ బ్రశ్నలు రెండు. ఒకటి ధనమును గూర్చినది, రెండవది బిడ్డలను గూర్చినది. రెంటికిని నాకుఁ దోఁచిన సమాధాన మొక్కటియే. అప్పు చేయకుఁడు. అటకమీఁది కంప్యూటరును దింపుఁడు. బిడ్డ లిద్దఱిచేతను దానిని విప్పింపుఁడు. చాలని భాగములను ప్రాఁతవే వెదకి తెచ్చి, ఆ కాలపుటాటల నాడు యంత్రముగా వారిచేతనే కూర్పింపుఁడు.

ప్రాఁతసామగ్రితోఁ గట్టినది గొప్పది కానేరదని సందేహించువారు భారతమున సభాపర్వమును స్మరింతురుగాక. ఖాండవదహనమునఁ బ్రాణములు దక్కిన మయుఁడు ధర్మరాజునకు సభ నిర్మింపఁ బూనినప్పుడు క్రొత్త సామగ్రికై తిరుగలేదు. పూర్వము వృషపర్వుఁడను దానవరాజు కాలమున బిందుసరస్సుకడ నుంచఁబడిన సామగ్రినే తెచ్చెను. భీమున కిచ్చిన గదయు నచటిదే. పదునాలుగు మాసములలో లోకోత్తరమైన సభ సిద్ధమయ్యెను. ఏ వస్తు వెచట నున్నదో యెఱిఁగి యుండుటయు, దేనిని దేనితోఁ గూర్పవలెనో తెలిసి యుండుటయు మయుని విద్య. మన పని యంతకంటెఁ జిన్నదే కాని విద్య మాత్ర మదియే.

ఏ యాటలకై యీ శ్రమ యందురా? 1980వ దశకమునుండి 2000 ప్రాంతమువఱకు వెలువడిన యాటలకై. మనలో ముప్పదియేండ్లు దాఁటిన పలువురు పాఠశాలలోని కంప్యూటరు గదియందో, వీధిచివరి యింటర్నెట్టు దుకాణమునందో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ నాడినవారే. దానిని అమెరికాలో జోర్డన్ మెక్నర్ అను యువకుఁడు 1989లో వెలువరించెను. తన తమ్ముఁడు పరుగెత్తుచు దూఁకుచు నుండఁగా వీడియో తీసి, ఆ కదలికలనే బొమ్మలోనికి దించెను. అందుచేతనే యా రాకుమారుని యడుగులలో నిజమైన మనుష్యుని యడుగులు కనఁబడును. 60 నిమిషములలో రాకుమారిని విడిపింపవలెను. విడిపించినచో నాట ముగిసినది. 1997లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అను నాటలో నాగరకతలను బెంచి, ధాన్యము, కలప, రాయి, బంగారము సమకూర్చుకొని, రాజ్యమును నడపవలెను. ఇట్టి యాటలకు మొదలును దుదయుఁ గలవు. ఒకమాఱు కొన్నపిదప నడుమ నడుమ మరల డబ్బడుగవు. నేఁటి ఫోను టాటలలోఁ బెక్కులు బిడ్డచేతఁ దల్లి సంచి మాటిమాటికి విప్పించుటకే యల్లఁబడినవి. ఈ భేదమును దల్లులు గుర్తింపవలెను.

ఆ యాటలు క్రొత్త కంప్యూటరులో నడువవా? కొన్ని నడుచును. 2002నుండి ‘డాస్‌బాక్స్’ అను వెలలేని ప్రోగ్రా మొకటి కలదు. అది క్రొత్త యంత్రములో నుండి ప్రాఁత యంత్రమువలె నటించును. ఇంట నిదివఱకే మంచి కంప్యూటరున్నవారు ముందుగా దానిని బరీక్షించుట న్యాయము. అయినను నటనకును నిజమునకును దూరము గలదు. 1981లో వచ్చిన తొలి ఐబీఎమ్ పీసీ వేగము 4.77 మెగాహెర్ట్జులు. ఆ కాలపుటాటలు కొన్ని యా వేగమునే గడియారముగాఁ గొని వ్రాయఁబడినవి. వేగము హెచ్చిన యంత్రములో వేసినచో బొమ్మలు కంటి కానకుండఁ బరుగెత్తును. అందుకే యొకప్పటి కంప్యూటరుల ముఖమున ‘టర్బో’ అను మీట యుండెడిది. పేరు వేగమునకే యైనను, అది యక్కఱకు వచ్చినది వేగమును దగ్గించుకొనుటకు.

మఱియొక కారణము. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ అను అమెరికా సంస్థ ‘వూడూ’ అను పేరుగల గ్రాఫిక్స్ కార్డును దెచ్చెను. దానితో మాటలాడుటకు ‘గ్లైడ్’ అను ప్రత్యేకమైన పద్ధతిని గల్పించెను. పెక్కుమంది యాటలు వ్రాయువారు ఆ పద్ధతి ననుసరించిరి. 2000 డిసెంబరులో నా సంస్థ తన యాస్తులను ఎన్విడియా సంస్థకు విక్రయింప నొప్పుకొని, పిదప మూఁతపడెను. ఆ కార్డు లిఁక తయారుకావు. ఉన్నవి చెడినకొలఁది ఆ యాటల సహజరూపము మన కందకుండఁ బోవును. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారొక పరిశోధన ప్రకటించిరి. అచట 2010కి ముందు వెలువడిన యాటలలో 87 శాతము నేఁడు అంగడిలోఁ గొనుటకు దొరకుట లేదని యందుఁ దేలినది. చెదలు తినుచున్న తాళపత్రములను జూచి మనము దుఃఖింతుము. పట్టుమని నలుబదియేండ్లు నిండని గ్రంథములును నట్లే నశించుచుండుట మఱింత శోచనీయము. కావున నింటిలో నొక ప్రాఁత యంత్రమును బ్రదికించుట పిల్లల యాటకు మాత్రమే గాక, ఒక కాలపు రచనలను నిలుపుటకును దోడ్పడును.

ఇఁక బనిలోనికి వత్తము.

మొట్టమొదట హార్డ్‌డిస్కును గూర్చి యొక హెచ్చరిక. అటకమీఁది యంత్రములో మీ పెండ్లి ఫొటోలు, బిడ్డల తొలియడుగుల చిత్రములు, వారి లెక్కలు, ఉత్తరములు ఉండవచ్చును. దానిని దేనికిని వాడకమునుపే బయటకుఁ దీసి, యూఎస్‌బీకిఁ దగిలించు చిన్న సాధనముతో వానిని వేఱొకచోటికి నకలు చేసికొనుఁడు. తూకమునకు వేసిన కంప్యూటరుతోఁ గుటుంబచరిత్రయు, బ్యాంకు కాగితముల నకళ్లును బరుల చేతికిఁ బోవునని యెందఱికిఁ దట్టుచున్నది?

తరువాత నే కాలపు యంత్రమో నిశ్చయింపవలెను. నా సలహా 1998 మొదలు 2001 వఱకుఁ గల కాలము. అనఁగా పెంటియమ్ టూ గాని పెంటియమ్ త్రీ గాని ప్రాసెసరు, దానికి విండోస్ 98. ఇంటెల్ వారి 440 బీఎక్స్ అను చిప్పుసమూహముగల మదర్‌బోర్డు దొరకినచో నదృష్టమే. 1998లో వెలువడిన యా రకము దృఢత్వమునకుఁ బేరుపొందినది. ఆ బోర్డులలోఁ బెక్కింటికి అంతకుముందటి కాలపు ఐఎస్ఏ గాడులును, అప్పటికిఁ గ్రొత్తయైన ఏజీపీ గాడియు రెండును గలవు. కాఁబట్టి డాస్ కాలపు సౌండు కార్డును, తరువాతి కాలపు గ్రాఫిక్స్ కార్డును ఒక్కచోట నిమిడించుకొనవచ్చును. అతిప్రాచీనమైన యాటల కీ యంత్రమును వేగ మెక్కువైనచో, బయాసులోఁ గ్యాష్ అను దానిని నిలిపివేసి మందగింపఁజేయవచ్చును.

భాగము లెచట దొరకును? ముందుగా మీ యటక, పిదప బంధువుల యటకలు. ఊరిలోఁ గంప్యూటరులు బాగుచేయువాని కొట్టు వెనుకగది. ప్రాఁతసామానుల దుకాణము. పట్టణములకుఁ బోవువారికి సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరును, కోఠిలోని గుజరాతీ గల్లీయు, చెన్నపట్టణమున రిచీ వీధియు, బెంగుళూరున ఎస్పీ రోడ్డును గలవు. వూడూ కార్డులకు సేకరించువా రధికమైన వెల యిచ్చుచున్నారు గావున వానికై యాసపడకుఁడు. ఆ కాలపు ఎన్విడియా, ఏటీఐ కార్డు లేవైనను పెక్కు టాటలకుఁ జాలును.

కొనునప్పుడు చూడవలసినవి చెప్పెదను. మదర్‌బోర్డుమీఁద చిన్న చిన్న డబ్బీలవలె నిలిచియుండు కెపాసిటరులను బరిశీలింపుఁడు. వాని నెత్తి సమముగా నుండవలెను. పూరీవలెఁ బొంగినను, గోధుమరంగు జిగురు కాఱినను ఆ బోర్డును విడువుఁడు. 1999 మొదలు కొన్నియేండ్లు ప్రపంచమంతట నాసిరకపు కెపాసిటరులు వ్యాపించి, లెక్కకు మిక్కిలి బోర్డులను జెఱచినవి. పిదప బ్యాటరీ. నాణెమంతటి సీఆర్ 2032 యైనచో భయము లేదు. మూఁడు వోల్టుల క్రొత్తది వేసినచో గడియారమును బయాసు నిర్ణయములును నిలుచును. అంతకంటెఁ బూర్వపు బోర్డులకుఁ బీపావంటి నికెల్ కాడ్మియమ్ బ్యాటరీ యతికింపఁబడి యుండును. అది కాఱి రాగితీఁగలను దినివేయును. చుట్టును బచ్చని చిలుము పట్టియున్నచో నా బోర్డు కొనఁదగదు.

ర్యామ్ విషయమున లోభము వలె నత్యాశయుఁ గూడదు. ఈ యంత్రమునకు 128 గాని 256 గాని మెగాబైట్లు చాలును. 512 దాఁటినచో విండోస్ 98 తడఁబడును. హార్డ్‌డిస్కు పెద్దదైనచోఁ బ్రాఁత బయాసు గుర్తింపదు. 32 గిగాబైట్లకు లోపల నున్నది సుఖము. తిరిగి తిరిగి యరిగిన ప్రాఁత డిస్కునకు బదులు, కాంపాక్టు ఫ్లాష్ అను కార్డు నొక చిన్న యడాప్టరులోఁ బెట్టి ఐడీఈ పట్టీకిఁ దగిలింపవచ్చును. అది చప్పుడు చేయదు, వేఁడెక్కదు. సౌండు కార్డు సాధ్యమైనంతవఱకు ‘సౌండ్ బ్లాస్టరు’ గాని దానికి సరిపోవునది గాని యుండవలెను. సింగపూరులోని క్రియేటివ్ సంస్థవారు 1989లో దానిని దెచ్చినది మొదలు ఆటలు వ్రాయువారందఱు దానినే ప్రమాణముగాఁ గొనిరి.

ఎస్ఎంపీఎస్ అను కరెంటుపెట్టెను మాత్రము ప్రాఁతది వాడఁగూడదు. మన లోభమున కిది స్థానము కాదు. నమ్మకమైన దుకాణమున నొకటి కొనుఁడు. కొనునప్పుడు 5 వోల్టుల తీఁగపై నెన్ని యాంపియరు లిచ్చునో చీటీమీఁదఁ జదువుఁడు. ప్రాఁత బోర్డులు తమ కరెంటులో నధికభాగమును ఆ తీఁగనుండియే తీసికొనును. క్రొత్త పెట్టెలలోఁ బెక్కులు 12 వోల్టులకే ప్రాధాన్య మిచ్చును.

అపాయములను గూర్చి స్పష్టముగాఁ జెప్పుట నా విధి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మీరు గాని బిడ్డలు గాని యెన్నఁడు విప్పఁగూడదు. గోడనుండి ప్లగ్గు తీసినను లోపల విద్యుత్తు నిలువయుండును. వెనుక గూనుగల ప్రాఁత మానిటరును సైతము విప్పఁగూడదు. దానిలో 20,000 వోల్టుల పైచిలుకు విద్యుత్తు పని చేయును. అద్దములో సీసము గలదు. ఆ యాటల కా మానిటరే యందమైనను, పలుచని మానిటరునకు వీజీఏ రంధ్ర మున్నచో నదియుఁ జాలును. పని చేయునప్పుడు పట్టుచీరయు నైలాను చీరయుఁ గట్టకుఁడు. వాని రాపిడిలోఁ బుట్టు స్థిరవిద్యుత్తు మనకుఁ దెలియకయే చిప్పులను జంపును. నూలుచీర శ్రేష్ఠము. గాజులు, గొలుసులు, ఉంగరములు తీసి యుంచుఁడు. భాగమును దాఁకుటకు ముందు క్యాబినెట్టుయొక్క రంగులేని యినుమును జేతితోఁ దాఁకుఁడు. పని యంతయుఁ బ్లగ్గు తీసిన పిదపనే.

శుద్ధిచేయుట మనకుఁ దెలిసిన విద్యయే. మెత్తని పెయింటుకుంచెతో దుమ్ము దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులోఁ దడిపిన గుడ్డతోఁ దుడువవలెను. నీళ్లు పనికిరావు. ర్యామునకును గార్డులకును గల పసిఁడిపండ్లను బడిపిల్లల తెల్లరబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడిని దులుపవలెను. ప్రాసెసరుమీఁద నెండిన ప్రాఁత పూఁతను దుడిచివేసి, క్రొత్త థర్మల్ పేస్టును బఠాణీగింజ కంటెఁ దక్కువగా నుంచి, పైని హీట్‌సింకును బిగింపవలెను.

కూర్చుటలోఁ గ్రమ మున్నది. మొదలే యంతయు క్యాబినెట్టులోఁ బెట్టి బిగింపకుఁడు. బల్లపై అట్టముక్క పఱచి, దానిమీఁద బోర్డు, ప్రాసెసరు, ఒక ర్యాము, గ్రాఫిక్స్ కార్డు, స్పీకరు ఇంతమాత్రము కూర్చి వెలిఁగింపుఁడు. బోర్డు తన సుఖదుఃఖములను చిన్న స్పీకరుద్వారా పలుకును. ఒక్క పొట్టికూఁత వినఁబడినచో కుశలము. పొడుగుకూఁతలు మరల మరల వినఁబడినచోఁ బెక్కు బోర్డులలో నది ర్యాము సరిగాఁ గూర్చుండలేదనుట. అది కుదిరిన పిదప ఒక్కొక్క భాగమునే చేర్చుచు, చేర్చిన ప్రతిమాఱు పరీక్షింపవలెను. కూరలోఁ బోపు, ఉప్పు, పులుపు నొకమాఱే గుమ్మరించి పిదప నేది యెక్కువైనదని వెదకువారు గలరా? హార్డ్‌డిస్కు, సీడీ డ్రైవు ఒకే పట్టీకిఁ దగిలించినచో వెనుకనున్న జంపరులను సరిచూచి యొకదానిని ‘మాస్టరు’గాను, మఱియొకదానిని ‘స్లేవు’గాను నిలుపవలెను.

విండోస్ 98కు మైక్రోసాఫ్టువారు 2006 జూలైలోఁ దమ పోషణను మానిరి. కావున నీ యంత్రము నింటర్నెట్టునకుఁ దగిలింపఁగూడదు. బ్యాంకు పనులు, రహస్యపదములు దీనిలో వలదు. ఇది యాటకే. ఆటలను దొంగప్రతులుగాఁ దెచ్చుకొనుటయుఁ దగదు. ప్రాఁతవైనంతమాత్రమున హక్కులు పోలేదు. ప్రాఁత సీడీలు ప్రాఁతపుస్తకముల దుకాణములలో నప్పుడప్పుడు దొరకును. 2008నుండి జీఓజీ అను సంస్థ పెక్కు ప్రాఁతయాటలను న్యాయముగా విక్రయించుచున్నది. 1993లో వచ్చిన ‘డూమ్’ అను నాటయొక్క మొదటిభాగమును దాని కర్తలే వెలలేక పంచుకొనుఁడని విడిచిరి. అయితే దానిలో రక్తపాత మెక్కువ. చిన్నబిడ్డల కిచ్చుట తల్లి విచక్షణకు విడుచుచున్నాను.

ఇదియంతయు విన్నమాట కాదు. నిరుటి వేసవి సెలవులలో మా యింట జరిగిన పని. మా వారు పాఠశాలలో గణితము చెప్పుదురు. వారి జీతమునఁ గ్రొత్తది కొనుట మాకు శక్యము కాదు. ఇంట నున్న డబ్బా యొకటి, ఊరిలో బాగుచేయువాఁ డిచ్చిన డబ్బాలు రెండు, వెరసి మూఁడు శవములనుండి యొక ప్రాణిని లేపవలసివచ్చెను. మా యబ్బాయి మొదటి రెండుదినములు మిక్కిలి యుత్సాహముతో నుండెను. మూఁడవనాఁ డది వెలుఁగకుండుటఁ జూచి, ‘ఈ చెత్త నాకు వలదు, కొనియిచ్చినచోఁ గొనుఁడు, లేకున్న లేదు’ అని లేచిపోయెను. మా వారు కోపించిరి. నేను వారించితిని. మా యమ్మాయికిఁ బండ్రెండేండ్లు. అది మాటలాడక నోటుపుస్తకములో నే భాగము నే గాడిలో నుంచిన నేమి కూఁత వినఁబడినదో పట్టిక వ్రాసికొనుచుండెను. మూఁడు డబ్బాలలోని ర్యాములు నాలుగు, గాడులు మూఁడు. ఒక్కొక్కదాని నొక్కొక్క గాడిలోఁ బెట్టి చూచుటకుఁ బండ్రెండు విధములు. తొమ్మిదవ విధమున నొక్క పొట్టికూఁత వినఁబడెను. దూరమునుండి విన్న మా యబ్బాయి పరుగున వచ్చి, ‘చెల్లీ, ఏమి చేసితివి?’ అని యడిగెను. అది పుస్తకము చూపెను. ఆనాఁటినుండి యిద్దఱును గలసియే పని చేసిరి. మా యత్తగారు మొదట, ‘ఆఁడపిల్ల చేతి కా మసి యేల?’ అనిరి. యంత్రము వెలిఁగిన సాయంకాలము వారే దాని ముందు హారతి పళ్లెము పట్టుకొని వచ్చి, ‘దీనిని బాగుచేసిన దెవరో యెదురింటివారికిఁ జెప్పితిని’ అనిరి. అంతకు మించిన యాశీర్వచనము నాకుఁ దెలియదు.

ఆఁడపిల్లకు యంత్రములతోఁ బని యేమనువారికిఁ జరిత్రయే సమాధానము చెప్పును. 1946లో అమెరికాలో ఎనియాక్ అను మహాయంత్రమును లోకమునకుఁ జూపినప్పుడు, దానికి లెక్కలు నేర్పిన యాఱుగురును స్త్రీలే. ఆటల చరిత్రలోను గృహిణి పేరు గలదు. రోబర్టా విలియమ్స్ అను నామె యిద్దఱు బిడ్డల తల్లి. తన వంటయింటి బల్లకడఁ గూర్చుండి యొక కథ నల్లఁగా, భర్త కెన్ విలియమ్స్ దానికిఁ బ్రోగ్రాము వ్రాసెను. అదియే 1980లో వెలువడిన ‘మిస్టరీ హౌస్’. అంతవఱకు మాటలతోనే నడచు సాహసకథాక్రీడలకు బొమ్మలను జేర్చిన కీర్తి దానిది. 1984లో నామె ‘కింగ్స్ క్వెస్ట్’ రచించెను. మీరు కూర్చిన యంత్రములో నామె యాట నొకటి మీ కుమార్తెచేత నాడింపుఁడు. కర్త యెవరో చెప్పుఁడు.

ఆటకు హద్దు పెట్టుట మఱవఁగూడదు. యంత్రమును బడకగదిలోఁ గాక నలుగురు తిరుగు సావడిలో నుంచుఁడు. మా యింట దినమున కొక గంట, పరీక్షల కాలమున నదియు లేదు. కూర్చినవా రగుటచేతఁ గాఁబోలు, బిడ్డలు దానిని మూయుటకు మారాము చేయరు. ఆడుటకంటెఁ జెడినదానిని వెదకుటలోనే వారికిఁ బ్రీతి హెచ్చినది.

మిగిలిన చెడిన భాగములను గూర్చి కడపటి మాట. వానిని వీధికుప్పలో వేయకుఁడు. తీఁగలను గాల్చి రాగి తీయువారికి నీయకుఁడు. ఆ పొగలోను, పసిఁడికై బోర్డులను ముంచు నామ్లములోను సీసము మొదలగు విషములు గలిసి, ఆ పనిచేయు నిఱుపేదల యూపిరితిత్తులకును, వారి బిడ్డల నెత్తురునకును జేరును. 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల యీ-వ్యర్థములు పోగుపడఁగా, సక్రమముగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమే యని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లోఁ బ్రకటించినవి. మన దేశమున 2023 ఏప్రిలు 1నుండి యీ-వ్యర్థములకుఁ గ్రొత్త నిబంధనలు నడచుచున్నవి. అనుమతిపొందిన సేకరణకేంద్రమున కిచ్చుటయే ధర్మము. అందుకు వీలుపడువఱకు నొక యట్టపెట్టెలోఁ బొడిగా నుంచినచో, ఎవరికి నపకారము లేదు.

లేఖ వ్రాసిన సోదరీ! వాయిదాల కాగితములపై సంతకము చేయకమునుపు ఒక్క నెల గడువడుగుము. నీ కుమారునకు స్క్రూడ్రైవరును, నీ కుమార్తెకు నోటుపుస్తకమును ఇమ్ము. వారమున కొకమాఱు వానిని మార్చి యిమ్ము. పని ఫలించినచో ధనము మిగులును, విద్య వచ్చును. ఫలింపకున్నను, ఒక వస్తువు లోపల నేమి యుండునో, ఏల చెడునో, సహనముతో నెంత చేయవచ్చునో బిడ్డ లెఱుఁగుదురు. అత్తగారిని సైతము బల్లకడకుఁ బిలువుము. మరలు గలగలలాడకుండ గిన్నెలలో వేఱుపఱచుట యామెకంటెఁ జక్కఁగాఁ జేయువారు దొరకరు.